ముహూర్తం వినే గేటు

ఆకెళ్ళ విరూపాక్ష సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తానికి తిరుగులేదని ఏటికి అటూ ఇటూ ఉన్న లంకల వాళ్ళందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీద ఎన్నో పెళ్ళిళ్ళు జరిగాయి, ఇళ్ళు లేచాయి, గేదెలు చేతులు మారాయి. ఆయన సొంత కూతురు హైమ పెళ్ళి మాత్రం కదల్లేదు. ఊరందరికీ గుమ్మంలో నిలబెట్టి ముహూర్తం చెప్పి పంపే మనిషికి, కూతురి జాతకం ముందేసుకునేసరికి ప్రతి లగ్నంలోనూ ఏదో ఒక మచ్చ కనిపించేది. ఒకసారి గ్రహణం, ఒకసారి అధికమాసం, ఒకసారి ఎందుకో చెప్పలేను గానీ వద్దనిపిస్తోంది అన్నారు. ఏటి అవతల కాలేజీలో పాఠాలు చెప్పే ఫణితో సంబంధం కుదిరి ఏళ్ళు గడుస్తున్నాయి. ఆ కుర్రాడు నెమ్మదస్తుడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికి ఇంకో పిల్లని చూసుకుని ఇద్దరు పిల్లల్ని కనేవాడు.

ఇంతలో ఏటి మీద వంతెన వచ్చింది. దానికి రెండు వైపులా నల్లటి రోడ్డు వచ్చింది. వేసింది శీఘ్రగతి అనే కంపెనీ. తరతరాలుగా జనాన్ని దాటించిన బల్లకట్టు ఒడ్డుకి చేరి విశ్రాంతి తీసుకుంది.

కంపెనీ సర్కారుతో రాసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. రోడ్డు మీద రద్దీ అనేది కనపడకూడదు, బండి వేగం తగ్గకూడదు. అందుకని రెండు చివర్లా గేట్లు పెట్టి, జనం ఎక్కువైతే టోలు పెంచి, పలచబడితే తగ్గించే యంత్రం ఒకటి తెచ్చి పెట్టారు. ఆ యంత్రానికి చదువు చెప్పింది ఏదో మహానగరంలో. పొద్దున్న ఆఫీసు తెరిచే వేళకీ, సాయంత్రం ఆఫీసు మూసే వేళకీ జనం విరగబడతారని దానికి నూరిపోశారు. లంకల్లో ఆఫీసులెవరికున్నాయి? యంత్రం పొద్దున్నే రేటు పెంచుకుని ఎదురుచూసేది, ఒక్క బండీ వచ్చేది కాదు. పోనీ అని తగ్గించుకుని కునుకు తీస్తే, మిట్టమధ్యాహ్నం ఎక్కడలేని జనమూ దిగేవారు.

ఈ వింతేమిటో చూద్దామని కంపెనీ నుంచి ప్రభంజన్ గారు స్వయంగా దిగారు. ఆయన హోదా ప్రవాహ ప్రధానాధికారి. వచ్చేసరికి అవతలి గేటు బార్లా ఎత్తి ఉంది, బోర్డు మీద ఆ వారంలోకెల్లా తక్కువ రేటు మెరుస్తోంది. గేటు ముందు మాత్రం కార్లు వరసగా ఆగి ఉన్నాయి. ఒక కారులో కుటుంబం మొత్తం అరిటాకుల్లో పులిహోర తింటోంది.

"ఎందుకు ఆగారు? ఇప్పుడు వెళ్తే మీకు గరిష్ఠ ప్రయోజనం కదా!" అన్నారు ప్రభంజన్ గారు.

"వర్జ్యమండి" అన్నాడు ఆ ఇంటాయన, చెయ్యి నాక్కుంటూ.

"అది ఎప్పుడు క్లియర్ అవుతుంది?"

"అది మాకేం తెలుస్తాదండి? సిద్ధాంతిగారికి ఫోను కొట్టాం. ఆయన ఊఁ అంటే వెళ్తాం."

ప్రభంజన్ గారు చదువుకున్నవారు కాబట్టి అక్కడికక్కడే ఒక సిద్ధాంతం కనిపెట్టారు. యంత్రం తెలుసుకోవలసింది జనం ఎప్పుడు వస్తారన్నది కాదు. సిద్ధాంతిగారు ఎప్పుడు ఊఁ అంటారన్నది.

మర్నాడే ఆయన పళ్ళూ, శాలువా పట్టుకుని సిద్ధాంతిగారింటికి వచ్చారు. "మీరు ఈ ప్రాంతపు ప్రయాణ ప్రవృత్తిని శాసిస్తున్నారు. మిమ్మల్ని మా సంస్థలో కాల సలహాదారుగా ఆహ్వానిస్తున్నాం. మంచి ఘడియల్లో రేటు పెంచుతాం, చెడు ఘడియల్లో తగ్గిస్తాం. శాస్త్రానికీ సామర్థ్యానికీ వివాహం అనుకోండి" అన్నారు.

వివాహం అన్న మాటకి లోపల గిన్నెలు సర్దుతున్న హైమ ఒకసారి తల తిప్పి చూసింది.

సిద్ధాంతిగారు ఉబ్బిపోయారు. ఉబ్బుతూనే ఒక మెలిక పెట్టారు. "శాస్త్ర విషయంలో నా మాటే చివరి మాట. మీ యజమానే వచ్చి నిలబడ్డా మార్చకూడదు. ఇంకోటి, ఆ పలక మీద వేళ్ళతో నొక్కడం నా వల్ల కాదు. నోటితో చెప్తాను."

"అద్భుతం! మీ గొంతుకి మాత్రమే పలికేలా తాళం వేయిస్తాం. ఇంకెవరూ, నేను కూడా, గేటుని శాసించలేం" అన్నారు ప్రభంజన్ గారు. అన్నట్టే చేశారు. సిద్ధాంతిగారికి చేతిలో ఇమిడే ట్యాబు ఒకటి ఇచ్చారు. అవతలి గేటు దగ్గర, బండ్లు ఆగే దారి పొడవునా, స్తంభానికొకటి చొప్పున మైకూ, స్పీకరూ బిగించారు. సిద్ధాంతిగారు ఎక్కడనుంచి ఏ ఘడియ గురించి ఏమన్నా గేటు వింటుంది, విన్నది స్పీకర్లలో చెబుతుంది, చెప్పింది చేస్తుంది. మెడలో వేసుకోవడానికి ఫోటో ఉన్న కార్డు కూడా ఇచ్చారు.

"మెడలో అదేమిటండీ, గేదెకి గుదిబండ కట్టినట్టు?" అంది ఆయన భార్య లలితాంబ.

"గౌరవమే" అన్నారు ఆయన.

గౌరవంతో పాటు కొన్ని చిక్కులూ వచ్చాయి. ఒక సాయంత్రం పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, గేదెని ఇప్పుడు తోలుకురావచ్చా అని అడిగాడు. "ఇప్పుడా? బ్రహ్మాండమైన ముహూర్తమోయ్!" అన్నారు సిద్ధాంతిగారు ధారాళంగా. అరుగు మీద పెట్టిన ట్యాబు ఆ మాట విని టోలుని ఆకాశానికి ఎత్తేసింది. ఏటి అవతల పాలవ్యాను డ్రైవరు ఎవర్ని తిట్టాలో తెలియక ఆకాశాన్ని తిట్టాడు. ఆనాటి నుంచి లలితాంబ ఆ ట్యాబుని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించడం మొదలుపెట్టింది.

రాహుకాలంలో టోలు కారుచవకగా ఉండడంతో కొబ్బరికాయల లారీలవాళ్ళు ఆ వేళకే రావడం మరిగారు. కొబ్బరికాయకి రాహువేమిటి, కేతువేమిటి? దాంతో కంపెనీ అత్యవసర సమావేశం పెట్టింది. సిద్ధాంతిగారికి మెత్తటి కుర్చీ వేశారు.

"రాహుకాలం మీద ఒత్తిడి పెరుగుతోంది. దాన్ని ఇంకాస్త చెడ్డదిగా చెయ్యగలమా?" అన్నారు ప్రభంజన్ గారు.

"ఉన్న చెడుకే జనం బతకలేకపోతున్నారు" అన్నారు సిద్ధాంతిగారు.

"పోనీ మంగళవారాల్లో మన సామర్థ్యం పూర్తిగా వృథా అవుతోంది. కొన్ని శుభముహూర్తాలు మంగళవారానికి బదిలీ చేస్తే?"

"గ్రహాలకి బదిలీలుండవండీ."

"డెప్యుటేషన్?"

సిద్ధాంతిగారు కాఫీ తాగారు. చివరికి ప్రభంజన్ గారు అసలు సంగతికి వచ్చారు. మూఢం నడుస్తోంది. ఈ మూఢంలో పెళ్ళిళ్ళు లేవు. అది విడిచిన రోజే వచ్చే తొలి ముహూర్తానికి లంకల్లో ఉన్న పెళ్ళిళ్ళన్నీ పెట్టుకున్నారు. పెట్టింది ఈ సిద్ధాంతిగారే. పెళ్ళివాళ్ళు రేటు చూసి ఆగే రకం కాదు. మగపెళ్ళివారంతా అవతలి ఒడ్డు నుంచి ఒకేసారి రోడ్డెక్కితే రద్దీ, రద్దీ అయితే ఒప్పందానికి భంగం.

"కాబట్టి, తమరు సర్వోత్తమం అని ధ్రువీకరించిన ముహూర్తాలకి, జనం బయల్దేరే వేళ నుంచి రాహుకాలం దాకా, అవతలి గేటు మూసేస్తాం. ఎవరూ ఎక్కకపోతే రోడ్డు మీద రద్దీ అనే ప్రశ్నే ఉత్పన్నం కాదు" అన్నారాయన.

"మరి జనం?"

"జనం రోడ్డు మీద ఉండరండి. గేటు ముందు ఉంటారు. గేటు ముందు స్థలం మా ఒప్పందంలో లేదు."

సిద్ధాంతిగారికి ఇందులో ఏదో తిరకాసు ఉందనిపించింది. కానీ ఆ సమయానికి జీడిపప్పు పకోడీ వచ్చింది, 'గురువుగారి ఆమోదంతో' అని కాగితం మీద ఆయన పేరు పెద్ద అక్షరాల్లో కనిపించింది. తలూపేశారు.

ఆ తొలి ముహూర్తానికే ఆయన హైమ పెళ్ళి కూడా పెట్టారు. ఇన్నేళ్ళకి, వెతగ్గా వెతగ్గా, మచ్చలేని లగ్నం ఒకటి దొరికింది. గురువారం, మధ్యాహ్నం, అభిజిల్లగ్నం. ఆనందం పట్టలేక ట్యాబుని బియ్యం డబ్బాలోంచి తీసి మరీ, "సర్వోత్తమం!" అని చెప్పారు. తన కూతురి ముహూర్తానికి అంతకంటే తక్కువ మాట వాడడానికి ఆయనకి మనసొప్పలేదు.

"మగపెళ్ళివారిని ముందు రోజే విడిదికి రమ్మనండి" అంది లలితాంబ.

"మూఢంలో బయల్దేరతారా, నీ మొహం! ఆ పొద్దున్న మూఢం విడవాలి, తరవాత వర్జ్యం పోవాలి, అప్పుడు బయల్దేరాలి. వంతెన దాటితే మనిల్లే. ఎంతసేపు?"

"ఏమోనండీ" అంది లలితాంబ. ఆవిడ ఏమోనండీ అన్నప్పుడల్లా ఏదో ఒకటి అవుతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు, సిద్ధాంతిగారికి తప్ప.

గురువారం వచ్చింది. పందిట్లో సన్నాయి మోగుతోంది. హైమ గౌరీపూజ దగ్గర కూర్చుంది. అప్పుడు వియ్యంకుడు సోమయాజులుగారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఆయనకి కాస్త చెముడు, అందుకని ఫోనులో అరుస్తారు.

"బావగారూ! గేటు దగ్గర ఉన్నాం! గేటు పడిపోయింది! ఎత్తడం లేదు!"

సిద్ధాంతిగారికి పకోడీ, కాగితం, తలూపడం, అన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. ట్యాబు నడుముకి దోపుకుని, పట్టుపంచె ఎగ్గట్టి, స్కూటరు తీశారు. ఇవతలి గేటులో మెడలో కార్డు చూపించి రోడ్డెక్కారు.

ఎంత మంచి రోడ్డది! ఈ చివర నుంచి ఆ చివర దాకా నరమానవుడు లేడు. వంతెన నడిమధ్య ఒక కుక్క నాలుగు కాళ్ళూ చాపుకుని పడుకుంది. ఇలాంటి రోడ్డు మీద స్కూటరు నడపాలని ఆయనకి ఎప్పట్నుంచో కోరిక. ఆ కోరిక ఇవాళ తీరినందుకు ఏడుపొచ్చింది.

అవతలి గేటు దగ్గర తీర్థం జరుగుతున్నట్టుంది. పూలు కట్టిన కార్లు కనుచూపు మేర ఆగి ఉన్నాయి. బాసికాలు కట్టుకున్న పెళ్ళికొడుకులు టవలుతో విసురుకుంటున్నారు. రెండు బ్యాండుమేళాలు ఒకదాన్నొకటి ఓడించాలని చూస్తున్నాయి. అందరి చేతుల్లోనూ ఆయన రాసిన లగ్నపత్రికే.

గేటు సూపర్‌వైజరు పోసిబాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎత్తలేనండి బాబూ. ఇది నా మాట ఇనదండి, తవరి గొంతే ఇంటాది. తవరు సర్వోత్తమం అన్నారంట కదండి?"

"పోనీ పెళ్ళికొడుకుని నా స్కూటరు మీద తీసుకుపోతాను."

"కార్డు ఒక్కరికేనండి."

సిద్ధాంతిగారు ప్రభంజన్ గారికి ఫోను చేశారు. ఆయన కారులో ఉన్నారు, మంచి హుషారులో ఉన్నారు. "గురువుగారూ, అభినందనలు! ఇవాళ మన రోడ్డు మీద రద్దీ శూన్యం. మా యాజమాన్యం మీకు షీల్డు ప్రకటించింది. అది పట్టుకుని అమ్మాయిగారి పెళ్ళికే వస్తున్నాను, భోజనాల వేళకి అక్కడుంటా."

"షీల్డు సరేనండీ, ముందు గేటు ఎత్తించండి. మా అల్లుడు ఇక్కడున్నాడు!"

"మీ వ్యక్తిగత అసౌకర్యానికి సంస్థ చింతిస్తోంది. కానీ నా చేతుల్లో లేదండి. తమరు పెట్టించిన నిబంధనే. రాహుకాలం వచ్చేదాకా ఆగితే దానంతటదే లేస్తుంది. లేదా ఇది మంచి సమయం కాదని తమరు మీ నోటితో ధ్రువీకరించాలి."

రాహుకాలం వచ్చేసరికి లగ్నం దాటిపోతుంది. సిద్ధాంతిగారు నుదురు తుడుచుకున్నారు. అంతలో హైమ ఫోను చేసింది.

"నాన్నా, అమ్మ అంతా చెప్పింది. ఆ గేటుకి ఏం వినాలనుందో అది చెప్పేయండి."

"ఇన్నేళ్ళకి దొరికిన లగ్నమే తల్లీ! దీన్ని చెడ్డదని నా నోటితో ఎలా అనమంటావ్? అదీ నీ పెళ్ళికి?"

"ఇది దాటితే మీరు మళ్ళీ వెతుకుతారు. నాకు ఇంక ఓపిక లేదు నాన్నా" అంది హైమ. ఆ పిల్ల ఇలా మాట్లాడడం ఆయన అదే మొదటిసారి వినడం. "బల్లకట్టు వాణ్ణి బతిమాలుకుని నేనే అటు వచ్చేస్తాను, గేటు ముందే జీలకర్ర బెల్లం పెట్టించేయండి."

సిద్ధాంతిగారు కళ్ళు మూసుకున్నారు. నడుములోంచి ట్యాబు తీశారు. "ఇది దుర్ముహూర్తం" అన్నారు.

స్తంభాల మీది స్పీకర్లు ఆ మాటని ఆయన గొంతుతోనే ముమ్మారు చాటాయి. ఇది దుర్ముహూర్తం. ఇది దుర్ముహూర్తం. ఇది దుర్ముహూర్తం. బోర్డు మీద రేటు జారి అడుగుకి పడింది. గేటు సలామ్ కొట్టినట్టు పైకి లేచింది.

బ్యాండుమేళాలు ఆగిపోయాయి. ఒక్క కారూ కదల్లేదు.

"వెళ్ళండి బావగారూ, లేచింది!" అన్నారు సిద్ధాంతిగారు.

సోమయాజులుగారు కారు దిగి ఆయన వంక అదోలా చూశారు. "దుర్ముహూర్తంలో కొడుకుని పెళ్ళికి తీసుకెళ్ళమంటారా? మీరే కదా ఇప్పుడు మైకులో చెప్పారు!" వెనక కార్లలోంచి కూడా తలలు బయటికొచ్చాయి. సిద్ధాంతిగారే దుర్ముహూర్తం అన్నాక ఇంకేముంది, వెనక్కి తిప్పరా అని ఎవరో డ్రైవరుకి చెబుతున్నారు. ఒక ముసలావిడ ఏడుపు లంకించుకుంది.

కాదు, మంచిదే అని నోటిదాకా వచ్చింది. ఎదురుగా స్తంభం మీద మైకు కనిపించింది. మంచిదే అంటే గేటు పడుతుంది. చెడ్డది అంటే జనం కదలరు. ఇన్నేళ్ళలో ఏ గ్రహమూ ఆయన్ని ఇంత ఇరకాటంలో పెట్టలేదు.

ఆయన సోమయాజులుగారి దగ్గరికి వెళ్ళి, ఉత్తరీయం ఇద్దరి తలల మీదా కప్పుకున్నారు. ఒడుగులో వటువుకి బ్రహ్మోపదేశం చేసినట్టు, ఆయన చెవిలో గుసగుసగా చెప్పారు. "లగ్నం దివ్యంగా ఉంది. గేటు కోసం అబద్ధమాడాను. కదలండి."

"ఆఁ?" అన్నారు సోమయాజులుగారు. "గట్టిగా చెప్పండి!"

"గట్టిగా చెప్పకూడదు!"

"ఆఁ?"

కారులోంచి ఫణి తల బయటికి పెట్టాడు. "నా చెవిలో చెప్పండి మామగారూ." చెప్పారు. ఫణి నవ్వాడు. తండ్రి చెయ్యి పట్టుకుని కారులోకి లాగి, "నాన్నా, మనం ఇంటి దగ్గర బయల్దేరింది మంచి వేళలోనే. దారిలో ఆగాం, అంతే" అని అరిచాడు. సోమయాజులుగారికి అది వినిపించింది, నచ్చింది కూడా. కారు గేటు దాటింది.

సిద్ధాంతిగారు స్కూటరెక్కి దాని వెనకే వెళ్ళిపోవచ్చు. కాలు ఎత్తారు కూడా. అంతలో ఆ ముసలావిడ కనిపించింది. వరసలో ఉన్న వాళ్ళంతా తన మాట మీద ఇళ్ళు కదిలి వచ్చినవాళ్ళు. ఆయన సిగ్గుపడ్డారు. స్కూటరు పక్కన పెట్టి, కారు కారుకీ వెళ్ళి, ఉత్తరీయం కప్పి, చెవిలో ఉపదేశించడం మొదలుపెట్టారు.

"ముందు కారు వాళ్ళకి చెప్పాను కదండీ, వాళ్ళు మీకు చెబుతారు" అంటే ఎవరూ ఒప్పుకోలేదు. "తవరి నోటితో చెప్పాలండి" అన్నారు. పెళ్ళికొడుకులకి చెప్పారు, మేనమామలకి చెప్పారు, బ్యాండువాళ్ళకి చెప్పారు. చెప్పినకొద్దీ కార్లు ఒక్కొక్కటే కదిలాయి. ఎందుకైనా మంచిదని ఎవరూ హారన్ కూడా కొట్టలేదు. సన్నాయి చంకలో పెట్టుకుని మేళగాళ్ళు పిల్లుల్లా నడిచారు. దొంగతనానికి వెళ్తున్నంత నిశ్శబ్దంగా లంకల పెళ్ళిళ్ళన్నీ వంతెన దాటాయి.

చివరి కారు కూడా కదిలాక సిద్ధాంతిగారు స్కూటరెక్కారు. తీరా చూస్తే వంతెన కిక్కిరిసి ఉంది. ఇన్నాళ్ళకి ఆ రోడ్డు మీద రద్దీ కనపడింది. కుక్క లేచి రెయిలింగు పక్కన నిలబడి విస్తుపోయి చూస్తోంది. "సిద్ధాంతిగారండి, జరగండి, జరగండి" అంటూ కార్లన్నీ ఎడంగా ఒదిగాయి. పట్టుపంచె గాలికి ఎగురుతుంటే ఆయన మధ్యలోంచి దూసుకుపోయారు.

పందిట్లోకి వచ్చేసరికి పీటల మీద ఫణి కూర్చున్నాడు. తెరకి అటు హైమ. కూతురి కళ్ళల్లోకి చూడడానికి ఆయనకి మొహం చెల్లలేదు. ఆ పిల్లే చిన్నగా, "వచ్చారా నాన్నా" అంది. ఇన్నేళ్ళూ ఆ పిల్లని ఎందుకు కూర్చోబెట్టానా అని ఆయన తనని తానే అడుక్కున్నారు. లోపం లగ్నాల్లో లేదు. పంపించడం ఇష్టం లేని తండ్రిలో ఉంది.

ఆయన పీటల మీద కూర్చున్నారు. కాళ్ళు కడిగారు, కన్యాదానం చేశారు. జీలకర్ర బెల్లం చేతికిచ్చి పురోహితుడు ఘడియ కోసం ఆయన వంక చూశాడు. అప్పుడే ఫోను మోగింది. పోసిబాబు.

"ఆఖరి కారు కూడా మీ ఒడ్డు దిగిపోయిందండి. ఇక్కడ ఈగ కూడా లేదండి. అదుగో, ప్రభంజన్ గారి కారు వత్తంది, షీల్డు కూడా కనపడతంది. ఇంకా దూరంగా ఉందండి."

సిద్ధాంతిగారు నడుములోంచి ట్యాబు తీశారు. హైమ తెర చాటునుంచి చూసింది. ఆయన కూతురి వంక చూసి, మొహం నిండా నవ్వి, పందిరి దద్దరిల్లేలా, "సర్వోత్తమ ముహూర్తం!" అన్నారు. మేళం మోగింది, తెర దిగింది, హైమ ఫణి తల మీద జీలకర్ర బెల్లం పెట్టింది.

అక్షింతలు అందరి తలల మీదా పడుతుండగా మళ్ళీ ఫోను మోగింది.

"గురువుగారూ! నా ముందే గేటు పడిపోయింది! రోడ్డంతా ఖాళీ, ఇక్కడ నేనొక్కణ్ణే. భోజనానికి రావాలి, దయచేసి ఒక్క మాట అనండి. ఇది మంచి సమయం కాదని!"

సిద్ధాంతిగారు పీటల మీద పక్కపక్కన కూర్చున్న కూతుర్నీ అల్లుణ్ణీ చూశారు.

"అనలేనండీ. ఇంత మంచి సమయం నేను పుట్టి ఎరగను" అన్నారు. "రాహుకాలానికి అదే లేస్తుంది. మీకు విస్తరి ఉంచుతాం."